నెలాఖరు షీట్లు, మన సాయంత్రాలు

చెల్లీ, నెలాఖరు దగ్గరపడింది, నీకు ఊపిరి సలపదని తెలుసు. అయినా కాసేపు కూర్చో. ఈసారి ముచ్చట నీ పని గురించే.

పాకాల నుంచి ఒక షీటు వస్తుంది, అందులో పేరు ముందుంటుంది. చంద్రగిరి షీటులో ఖాతా నంబరు ముందుంటుంది. పుత్తూరు నుంచి వచ్చిన దాంట్లో మండలం పేరు ఎక్కడో చివరి కాలమ్‌లో ఉంటుంది. అన్నిటినీ ఒక వరసకు తెచ్చి, మండలాల వారీగా, మండలంలో మళ్లీ గ్రామ సమాఖ్యల వారీగా, సమాఖ్యలో సంఘాల వారీగా సర్ది సాయంత్రం అయిదుకల్లా పైకి పంపాలి. అయిదు కాస్తా ఏడున్నర అవుతుంది. ఊరికి పోయే బస్సు వెళ్లిపోతుంది. బస్టాండులో నిలబడి ఇంటికి ఫోన్ చేసి, అన్నం వండి పెట్టమని అత్తగారిని బతిమాలుకోవాల్సి వస్తుంది. వచ్చే నెల మళ్లీ అదే షీటు, అదే సర్దుడు.

పొదుపు సంఘాల లెక్కలు చూసే వీఓఏలు, మండల సమాఖ్య అకౌంటెంట్లు, దామలచెరువు మామిడి మండీల్లో, గుజ్జు ఫ్యాక్టరీల కాటా దగ్గర కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయిలు, శ్రీసిటీలో, రేణిగుంటలో హాజరు పట్టీలు తయారుచేసేవాళ్లు, ప్రైవేటు స్కూళ్లలో ఫీజుల లెక్క రాసేవాళ్లు, వీళ్లందరి కోసం రాస్తా ఉండాను. మన పనిని ఎవరూ కంప్యూటర్ ఉద్యోగం అనరు, 'టైపింగ్ అమ్మాయి' అంటారు. ఆ మాట నాకు నచ్చదు. ఎవరి డబ్బు ఎవరి ఖాతాలో పడాలో తేల్చే కాగితం మన చేతి మీదుగానే పోతోంది.

మన జిల్లాలో ఈ సర్దుడు ఎందుకింత ఎక్కువో ఎప్పుడైనా ఆలోచించావా? 1911 ఏప్రిల్ 1న ఏర్పడిన చిత్తూరు జిల్లాలో మొన్నమొన్నటి దాకా 66 మండలాలు ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారు. తిరుపతి వేరు జిల్లా అయింది. నెల్లూరు నుంచి సూళ్లూరుపేట, నాయుడుపేట మనవైపు వచ్చాయి. మదనపల్లె, పీలేరు అన్నమయ్య జిల్లాలోకి పోయాయి. ఆ రోజు నుంచి పాత షీట్లలో ఉన్న జిల్లా కాలమ్ పనికిరాకుండా పోయింది. ఏ మండలం తరువాత ఏ మండలం రావాలనే ఆఫీసు వరస కూడా మారింది. బ్యాంకులదీ అదే కథ. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసిపోయాయి. మన చిత్తూరే ముఖ్య కేంద్రంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. బ్యాంకు పేరు మీద సార్ట్ చేస్తే పాతపేరు ఒకచోట, కొత్తపేరు ఒకచోట తేలతాయి. ఒకే బ్రాంచిలో ఖాతా ఉన్న అక్కాచెల్లెళ్లు జాబితాలో చెరో మూలకు పోతారు.

ఇవి ఏడాదికో రెండేళ్లకో వచ్చే మార్పులు. నెలనెలా చేసే పని మాత్రం ఒకటే: అవే కాలమ్‌లు, అదే వరస, అవే మెట్లు. అట్లాంటి పనికే మాక్రో పుట్టింది.

మాక్రో అంటే నువ్వు ఎక్సెల్‌లో చేసే పనుల్ని ఎక్సెల్ పక్కన కూర్చుని రాసుకోవడం. ఆ తరువాత నువ్వు ఒక మీట నొక్కితే అవే పనులు అదే క్రమంలో తిరిగి చేసి పెడుతుంది. కొత్తగా పనిలో చేరిన పిల్లకు ఒకసారి చూపిస్తాం చూడు, అట్లాంటిదే. చూపించింది చూపించినట్టు చేస్తుంది, చూపించనిది ఒక్కటీ చేయదు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. మన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం మొదలైన 1983లోనే లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాం వచ్చింది, అందులోనే మాక్రోలు ఉన్నాయి. ఎక్సెల్ 1985లో ముందు మెకింటాష్ కంప్యూటర్ల మీద వచ్చింది. ఇప్పుడు మనం వాడుతున్న వీబీఏ అనే మాక్రో భాష 1993లో ఎక్సెల్‌లో చేరింది. అంటే మన ఆఫీసులోని కంప్యూటర్‌లో ఈ సౌకర్యం మొదటి రోజు నుంచీ ఉంది. ఉందని మనకు చెప్పినవాళ్లే లేరు.

రికార్డ్ చేసే ముందు షీటును శుభ్రం చేసుకోవాలి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను, ఏమనుకోకు. మాక్రో పనిచేయలేదని అమ్మాయిలు నా దగ్గరకు తెచ్చే షీట్లలో చాలామటుకు తప్పు మాక్రోది కాదు, షీటుది.

మొదట మొత్తం వరస. జాబితా కింద 'టోటల్' అని రాసి కూడిక వేసి ఉంటారు. ఆ వరసను తీయకుండా పేర్ల మీద సార్ట్ చేశావనుకో, అది కూడా ఒక సభ్యురాలే అనుకుంటుంది ఎక్సెల్. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన జాబితాలో తిరుపాలమ్మకూ తులసికీ మధ్య టోటలమ్మ వచ్చి కూర్చుంటుంది. తెలుగులో రాసి ఉంటే మునెమ్మ, మునిలక్ష్మి దాటాక 'మొత్తం' వస్తుంది. మన వైపు ముని పేర్లు ఎన్ని ఉంటాయో నీకు తెలుసు కదా, వాటి వెనక అది కంటికి ఆనదు. కాబట్టి కూడికను జాబితా కింద పెట్టొద్దు. హెడ్డింగులకు పైన, ఒక ఖాళీ వరస వదిలి పెట్టు. లేదంటే వేరే షీటులో పెట్టు.

రెండోది మన చెయ్యి మరవని అలవాటు, అంకె వెనక గీత. 900/-, 1500/-, 10000/- అని రాస్తాం. చెక్కు మీద అట్లా రాయడం మంచిదే, ఎవరూ అంకె చేర్చకుండా ఉంటుంది. ఎక్సెల్ గడిలో అట్లా రాస్తే అది అంకె కాకుండా పోతుంది, అక్షరాల ముక్క అయిపోతుంది. చిన్న మొత్తం నుంచి పెద్ద మొత్తానికి సార్ట్ చెయ్యమంటే 10000/- ముందొస్తుంది, తరువాత 1500/-, ఆఖర్న 900/-. మొదటి అక్షరం చూసి, అది ఒకటే అయితే రెండో అక్షరం చూసి వరస పెడుతుంది మరి. కూడిక కూడా సున్నా చూపిస్తుంది. గుర్తుపట్టడం సులువే: గడిలో అంకె కుడివైపుకు ఆనుకుని ఉంటే అంకె, ఎడమవైపుకు ఆనుకుని ఉంటే అక్షరం. ఆ గీతల్ని కంట్రోల్, హెచ్ నొక్కి ఒకేసారి తీసేయొచ్చు.

తేదీలదీ అంతే. 12.05.2025 అని చుక్కలతో రాస్తే చాలా కంప్యూటర్లలో అది తేదీ కింద లెక్కకు రాదు. సార్ట్ చేస్తే ఏ నెలైనా, ఏ ఏడాదైనా ఒకటో తేదీలన్నీ ఒకచోట, రెండో తేదీలన్నీ ఒకచోట చేరతాయి. చుక్క బదులు అడ్డగీత వాడు. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో సెట్ అయి ఉంటే మే 12 కాస్తా డిసెంబరు 5 అయిపోతుంది, అది కూడా ఒకసారి చూసుకో. ఈ తేదీల గోల పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకే తప్పలేదు. కొన్ని జన్యువుల పేర్లు మార్చ్1, సెప్ట్1 అని ఉండేవి. ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేస్తోందని, జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ 2020లో ఆ పేర్లనే మార్చుకుంది.

మూడోది కలిపేసిన గడులు. పైనుంచి వచ్చే ప్రతి ఫార్మాటులో ఇవి ఉంటాయి. మండలం పేరును పదిహేను వరసలకు కలిపి నడిమధ్యలో అందంగా రాస్తారు. చూడ్డానికి బాగుంటుంది, సార్ట్ చేయబోతే ఎక్సెల్ ఒప్పుకోదు, కలిపిన గడులన్నీ ఒకే సైజులో ఉండాలని చెప్పి ఆగిపోతుంది. విడదీసి, ప్రతి వరసలోనూ మండలం పేరు నింపుకోవాల్సిందే. ఫార్మాట్లు తయారుచేసే పెద్దలు ఎవరైనా ఇది చదువుతుంటే నాదొక మనవి: డేటా షీటులో గడులు కలపొద్దు. అందం ప్రింటు తీసే షీటులో చూపించుకోండి.

ఇప్పుడు రికార్డింగుకు వద్దాం. ముందు ఒక కొత్త ఫైలు తెరిచి అందులో షీటు పేరు 'డేటా' అని పెట్టు, ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. ఎందుకో తరువాత చెబుతాను. నెలనెలా వచ్చిన జాబితాను తెచ్చి ఈ షీటులోనే అతికించు. కుడివైపు చివర ఒక కాలమ్‌లో 1, 2, 3 అని వరస నంబరు వేసుకో. ఏదైనా తేడా వస్తే ఆ నంబరు మీద సార్ట్ చేసి పాత వరసకు వెనక్కి రావచ్చు. ఇది తప్పనిసరి చెల్లీ. మాక్రో చేసిన పనిని కంట్రోల్, జెడ్‌తో వెనక్కి తిప్పలేం.

పైన 'వ్యూ' మెనూలో కుడివైపు చివర 'మాక్రోస్' ఉంటుంది. దాని కింద 'రికార్డ్ మాక్రో' నొక్కు. పేరు అడుగుతుంది, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టు. షార్ట్‌కట్ అడిగితే కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని ఎమ్ లాంటిది ఇచ్చుకో. ఉత్త కంట్రోల్, సీ ఇచ్చావంటే ఆ ఫైలు తెరిచి ఉన్నంతసేపూ కాపీ చేసే మీట పోతుంది. ఇక ఆ క్షణం నుంచి నువ్వు చేసే ప్రతి పనీ నమోదవుతుంది, కాబట్టి తొందరపడకుండా చెయ్యి. జాబితా అంతా సెలెక్ట్ చేసి, 'డేటా' మెనూలో 'సార్ట్' తెరిచి, 'మై డేటా హ్యాజ్ హెడర్స్' దగ్గర టిక్కు ఉందో లేదో చూడు. లేకపోతే హెడ్డింగు వరస కూడా జాబితాలో కలిసిపోతుంది. మొదట మండలం, 'యాడ్ లెవెల్' నొక్కి సమాఖ్య, మళ్లీ నొక్కి సంఘం, ఆ తరువాత సభ్యురాలి ఐడీ. ఓకే. మళ్లీ 'మాక్రోస్' కిందికి పోయి 'స్టాప్ రికార్డింగ్'. అంతే.

చివరి మెట్టులో పేరు పెట్టకుండా ఐడీ ఎందుకు పెట్టమన్నానంటే, పేరును నమ్మడానికి లేదు. లక్ష్మిని ఒకరు కె, ఎస్, హెచ్‌లతో రాస్తారు, ఒకరు ఎక్స్‌తో రాస్తారు. ఇంటిపేరు పొడి అక్షరం ఒకరు ముందు పెడతారు, ఒకరు వెనక పెడతారు. ఒకే ఊళ్లో ఇద్దరు మునెమ్మలు ఉంటే ఎవరు ముందో ఎవరు వెనకో తెలియదు. ఐడీ అయితే ఒకరిది ఒకరికి రాదు.

ఆఫీసువాళ్లకు అక్షరాల వరస వద్దు, వాళ్ల వరసే కావాలంటే దానికీ దారుంది. ఎక్సెల్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద 'కస్టమ్ లిస్ట్' అని ఉంటుంది, అందులో మండలాలను నీకు కావలసిన క్రమంలో రాసి పెట్టుకుని, సార్ట్ చేసేటప్పుడు 'ఆర్డర్' దగ్గర ఆ లిస్టును ఎంచుకుంటే ఆ క్రమాన్నే పాటిస్తుంది.

ఫైలును దాచేటప్పుడు మాక్రో ఉన్న రకంగా, అంటే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్‌గా దాచాలి. మామూలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా దాస్తే మాక్రో పోతుంది.

ఇక్కడిదాకా సంతోషంగా చేసేస్తారు. రెండో నెల వచ్చి, "అక్కా, అంతా సరిగ్గానే వచ్చిండాది గానీ కింద తొమ్మిది మంది మాత్రం యాడున్నోళ్లు ఆడనే ఉండిపోయినారు" అంటారు. మొదటి నెల జాబితా 62వ వరస దగ్గర ముగిసింది. పక్కన కూర్చుని రాసుకున్న ఆ పిల్ల 62 దాకా అని రాసుకుంది. ఈ నెల 71 దాకా ఉంది. కొత్తగా చేరిన తొమ్మిది మందిని తాకలేదు. ఇది పైకి కనపడని తప్పు, అందుకే ప్రమాదం. దీనికి మందు ఏమిటంటే, ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కితే రాసుకున్న కోడ్ కనిపిస్తుంది. భయపడకు, అందులో 'సార్ట్', 'కీ', 'రేంజ్' అన్న మాటలే ఉంటాయి, అన్నీ నువ్వు చేసినవే. రేంజ్ అని ఉన్న ప్రతిచోటా చివర్న ఉన్న 62ను 5000గా మార్చు. కింద ఖాళీ వరసలు ఉన్నా ఫరవాలేదు, సార్ట్‌లో ఖాళీలు ఎప్పుడూ అడుగుకే పోతాయి. ఆ ఒక్క మార్పు చేసిన రోజున నువ్వు ప్రోగ్రాం రాసినట్టే లెక్క. ఎవరేమన్నా నేను అట్లానే అంటాను.

షీటు పేరు సంగతీ ఇదే. నువ్వు 'జూన్' అనే షీటులో రికార్డ్ చేస్తే మాక్రో 'జూన్' షీటునే వెతుకుతుంది. జూలైలో అది దొరక్క తప్పు చూపించి ఆగిపోతుంది. అందుకే ఎప్పుడూ ఒకే పేరు పెట్టమన్నాను. ఇంగ్లీషు అక్షరాలు ఎందుకంటే, ఆ కోడ్ రాసే కిటికీకి తెలుగు లిపి పట్టదు, మన అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. లెక్కలు తెలుగులో ఉంటే మంచిదే, వాటిని షీటు మీదే ఉంచు, కోడ్‌లోకి తీసుకుపోకు.

ఇక కాలమ్‌ల వరస. పాకాల షీటులో పేరు ముందు, చంద్రగిరిలో ఖాతా ముందు అన్నాను కదా. కాలమ్‌లను ఒక్కొక్కటే కత్తిరించి అతికించే పనిని రికార్డ్ చేస్తే లాభం లేదు, ఈ నెల మూడోది వచ్చే నెల అయిదోది కావచ్చు. చోటు చూసి కదిపితే తప్పుతుంది, హెడ్డింగు చూసి కదపాలి. 'వరస' అని ఇంకో షీటు పెట్టుకుని, మొదటి కాలమ్‌లో నీకు కావలసిన క్రమంలో హెడ్డింగులు ఒకదాని కింద ఒకటి రాసుకో: మండలం, సమాఖ్య, సంఘం, ఐడీ, పేరు, బ్యాంకు, ఖాతా, మొత్తం. ఈ హెడ్డింగులు తెలుగులో ఉండొచ్చు, షీటు పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. డేటా షీటులో పైన ఒక ఖాళీ వరస చేర్చి, అందులో మ్యాచ్ ఫార్ములాతో 'ఈ హెడ్డింగు నా జాబితాలో ఎన్నోది?' అని అడుగు. ముప్పై కాలమ్‌ల దాకా ఫార్ములా లాగెయ్యి, ఎక్కువైతే నష్టం లేదు. ప్రతి హెడ్డింగు నెత్తిన ఒక అంకె వస్తుంది. ఆ అంకెల్ని విలువలుగా అతికించి, సార్ట్‌లో 'ఆప్షన్స్' తెరిచి 'సార్ట్ లెఫ్ట్ టు రైట్' ఎంచుకో. మొదటి వరస మీద సార్ట్ చేస్తే కాలమ్‌లన్నీ ఎడమ నుంచి కుడికి నువ్వు చెప్పిన క్రమంలోకి వస్తాయి. పై వరస తీసేయ్. ఈ మొత్తాన్నీ రికార్డ్ చేసి పెట్టుకుంటే ఏ ఊరి షీటు ఎట్లా వచ్చినా ఒకటే మీట.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. నీ జాబితాలో లేని హెడ్డింగు ఏదైనా వస్తే, లేదా 'పేరు' తరువాత ఎవరో పొరపాటున ఒక ఖాళీ కొట్టి ఉంటే, మ్యాచ్‌కు అది దొరకదు. ఎన్/ఏ అని చూపిస్తుంది, ఆ కాలమ్ కుడివైపు చివరకు పోతుంది. అంటే తేడా ఉన్నది తానే పక్కకు వచ్చి నిలబడుతుంది. రాత్రి ఏడు గంటలకు కళ్లు మండుతున్నప్పుడు మనం చూడలేనిదాన్ని అది చూసి చూపిస్తుంది.

అను ఫాంటులో టైప్ చేసిన పాత షీట్లు నీ దగ్గర ఉంటే జాగ్రత్త. తెర మీద తెలుగే కనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. సార్ట్ వాటి వరస ప్రకారం జరుగుతుంది, మన అఆఇఈల ప్రకారం కాదు. వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. గౌతమి ఫాంటులో టైప్ చేసినవైతే ఆ చిక్కు లేదు.

సార్ట్ అయ్యాక సరిచూసుకోవడం గురించి గట్టిగా చెప్పాలి. 2025 మామిడి కాలం గుర్తుందా? తోతాపురి ధర పడిపోయి, బండ్లు ఫ్యాక్టరీల ముందు బారులు తీరితే, కిలోకు 12 రూపాయలని నిర్ణయించారు. అందులో 8 ఫ్యాక్టరీలు ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇవ్వాలి. ఆ నాలుగు రూపాయలు రైతు చేతికి రావాలంటే పేరు, ఖాతా, తూకం మూడూ ఒకే వరసలో సరిగ్గా ఉండాలి. ఒక కాలమ్‌ను మాత్రమే సెలెక్ట్ చేసి సార్ట్ నొక్కితే, ఎక్సెల్ 'ఎక్స్‌పాండ్ ది సెలెక్షన్' చేద్దామా అని అడుగుతుంది. తొందరలో రెండోది, అంటే ఆ ఒక్క కాలమ్‌నే కదపమనేది నొక్కితే పేర్లు కదులుతాయి, ఖాతాలు ఉన్నచోటే ఉంటాయి. అప్పుడు ఇరాల రైతు పది టన్నుల డబ్బు బంగారుపాళెం రైతు ఖాతాకు పోయే జాబితా తయారవుతుంది. ఇందులోని అసలు మోసం ఏమిటంటే, మొత్తం మాత్రం పైసా తేడా లేకుండా సరిపోతుంది! వరసల సంఖ్యా సరిపోతుంది. కాబట్టి కూడిక సరిపోయింది కదా అని పంపేయొద్దు. సార్ట్‌కు ముందే జాబితా మొదట్లో ఒకరిని, నడుమ ఒకరిని, చివర ఒకరిని ఎంచుకుని ఐడీ, ఖాతా, మొత్తం కాగితం మీద రాసుకో. తరువాత వాళ్లను వెతికి పక్కపక్కన పెట్టి చూడు. మొత్తం, వరసల సంఖ్య, ఈ ముగ్గురు, అన్నీ సరిపోతేనే పంపు.

వరసల సంఖ్యను తేలిగ్గా తీసుకోవద్దు. ఇంగ్లండులో 2020 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో 15,841 కరోనా కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. కారణం, పాతరకం ఎక్సెల్ ఫైలు. అందులో 65,536 వరసలకు మించి పట్టవు. మిగిలినవి రాలిపోయినా ఎవరూ ఎంచి చూడలేదు. ఇప్పటి ఫైళ్లలో 10,48,576 వరసలు పడతాయి. మన జాబితాలు ఎప్పుడూ అంత దూరం పోవు, అయినా ఎంచి చూసే అలవాటు మనకు ఉండాలి. ఖాతా నంబరు కాలమ్‌ను ముందుగానే 'టెక్స్ట్'గా పెట్టుకో. లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, 15 అంకెలు దాటిన నంబర్లలో మిగతావి సున్నాలైపోతాయి.

ఇంకొకటి, వాట్సాప్‌లో ఎవరో పంపిన మాక్రో ఫైలును తెరిచి 'ఎనేబుల్' నొక్కొద్దు. మాక్రోలో ఏమైనా రాయొచ్చు, చెడు కూడా. 1999లో మెలిస్సా అనే వైరస్ వర్డ్ మాక్రోలోనే దాక్కుని లోకమంతా పాకింది. 2022 నుంచి ఇంటర్నెట్ మీద వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ తనంతట తానే ఆపేస్తోంది. దాన్ని తప్పించే ఉపాయాలు వెతకొద్దు. మనం రికార్డ్ చేసుకున్నదే మనం వాడుకుందాం. ఆఫీసులో ఎక్సెల్ లేకపోతే లిబ్రెఆఫీస్ ఉచితం. దాని సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ కింద మాక్రో రికార్డింగుకు టిక్కు పెట్టుకుంటే అందులోనూ రికార్డ్ చేయొచ్చు. గూగుల్ షీట్స్‌లోనూ ఉంది. ఎక్సెల్ మాక్రోలు ఫోన్లో మాత్రం నడవవు.

ఇప్పుడు అసలు మాట. ఒక అమ్మాయి నన్ను పక్కకు పిలిచి అడిగింది: "అక్కా, రెండు గంటల పని నిమిషంలో అయిపోతాదని సారుకు తెలిస్తే, ఇంక నేనెందుకనుకుంటాడేమో." ఆ భయం నాకు అర్థమవుతుంది. చాలీచాలని జీతం, అది కూడా పోతుందేమోనన్న దిగులు. అందుకే కొంతమంది నేర్చుకుని కూడా నేర్చుకోనట్టు ఉంటారు. ఇంకొంతమంది, నేర్చుకుంటే ఎక్కువ పని నెత్తిన పడుతుందని అసలు ఆ వైపే చూడరు. అది కూడా నిజమే, పని తొందరగా చేసేవాళ్లకు ఇంకో పని అంటగట్టడం మన ఆఫీసుల్లో ఉన్నదే.

అయినా నా మాట విను. నీ కుర్చీ మౌసు నొక్కుళ్ల మీద నిలబడలేదు. ఏర్పేడు జాబితాలో ఇద్దరు మునెమ్మలు ఉన్నారనీ, అందులో ఒకామె ఖాతా పాత సప్తగిరి బ్రాంచిలో ఉందనీ, ఫలానా సంఘం ఈ నెల కంతు కట్టలేదనీ నీకు తెలుసు. అది మాక్రోకు తెలియదు. మిగిలిన రెండు గంటల్లో ఒక గంట సరిచూసుకోవడానికి పెట్టు, ఇన్నాళ్లూ అలసిపోయి చేయలేకపోయింది అదే. రెండో గంట నీది, బస్సెక్కి ఇంటికి పో. ఆ గంట దొంగిలించినట్టు అనుకోవద్దు. ఇక చెప్పాలా వద్దా అంటే, చెప్పు. ఏం చేశావో, ఎంత సమయం కలిసొచ్చిందో, తప్పులు ఎట్లా తగ్గాయో ఒక కాగితం మీద రాసి చూపించు. జీతం పెంచమని అడిగేటప్పుడు ఆ కాగితం పట్టుకుపో. అడగడానికి సిగ్గుపడకు. ఇంకో చోట ఉద్యోగానికి వెళ్తే బయోడేటాలో 'ఎక్సెల్ తెలుసు' అని ఊరకే రాయకుండా 'మాక్రోలు తయారుచేసి వాడాను' అని రాయి.

పెళ్లయి ఊరు మారేవాళ్లుంటారు, కాన్పు సెలవు పెట్టేవాళ్లుంటారు. నువ్వు లేని నెలలో నీ మాక్రో ఏం చేస్తుందో తెలియక వెనకొచ్చిన అమ్మాయి మళ్లీ చేత్తో మొదలుపెట్టకూడదు. కోడ్ కిటికీలో వరస మొదట్లో, కామాను పైన పెట్టినట్టుండే గుర్తు (') పెట్టి రాస్తే ఆ వరసను ఎక్సెల్ పట్టించుకోదు, మనుషులు చదువుకుంటారు. మన వాట్సాప్ మాటల మాదిరి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయి: ఇది ఎవరు చేశారు, ఏ తేదీన, ఏ కాలమ్‌లను ఏ వరసకు తెస్తుంది, ముందు ఏం శుభ్రం చేయాలి.

ఈ నెలాఖరు దాకా ఆగొద్దు. రేపు భోజనాల తరువాత పాత నెల షీటుకు కాపీ తీసుకుని, దాని మీద ఒక్క సార్ట్ రికార్డ్ చేసి చూడు, మండలం మీద ఒక్కటి చాలు. కాపీయే కాబట్టి చెడిపోయేదేమీ లేదు. కుదిరాక పక్క కుర్చీలో అమ్మాయికి కూడా చూపించు, ఆమెకూ బస్సు ఉంటుంది కదా.